గోదావరి గట్టున ఛాయాచిత్రం

రాజమహేంద్రవరం వచ్చినవారు గోదావరి గట్టున నిలిచి, కొవ్వూరు దాకా సాగిపోయే కమానుల రైలు వంతెనను ఫోటో తీయకుండా వెళ్ళరు. ఇంటికి చేరి చూసుకుంటే సన్నని గీతవంటి వంతెన, పైన వెలిసిపోయిన ఆకాశం, క్రింద నీరు మాత్రమే కనబడతాయి. కంటికి అంత గంభీరంగా తోచినది బొమ్మలో ఎందుకు చిన్నబోయింది? లోపం కెమేరాదని చాలమంది భావిస్తారు. బొమ్మలో ఏది విడిచిపెట్టాలో ముందుగా నిర్ణయించుకోకపోవడమే అసలు కారణమని మా మనవి.

ఆ వంతెనకు 28 కమానులు. పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. అంతటినీ ఒక్క బొమ్మలో ఇమడ్చబోతే ఏదీ మిగలదు. వంతెనకు దగ్గరగా, కొంచెం ఏటవాలుగా నిలిచి, మొదటి నాలుగైదు కమానులనే తీసుకుంటే, అవి క్రమంగా చిన్నవవుతూ చూపును ఆవలి గట్టుకు నడిపిస్తాయి. ముందుభాగాన ఒక పడవ ఉంటే కమాను ఎంత పెద్దదో చూసేవారికి బోధపడుతుంది.

ఆ పడవను నట్టనడుమ పెట్టనక్కరలేదు. బొమ్మను అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలతో తొమ్మిది గళ్ళుగా ఊహించుకొని, గీతలు కలిసేచోట పడవను ఉంచాలి. సెల్‌ఫోన్లలో ఈ గీతలు తెరమీదనే కనబడే ఏర్పాటు ఉంది. పడవ సాగే దిక్కున కొంత ఖాళీ విడవాలి. మబ్బులు అందంగా ఉంటే ఆకాశానికి రెండు పాళ్ళు, లేకుంటే నీటికి రెండు పాళ్ళు ఇవ్వాలి.

ఇక వెలుతురు సంగతి. పట్టణం నదికి తూర్పు గట్టున ఉంది. కనుక ఉదయం సూర్యుడు మన వీపువెనుక ఉండి పడవను, వంతెనను వెలిగిస్తాడు. వివరాలు స్పష్టంగా వస్తాయి. సాయంకాలం ఆయన నదికి ఆవల క్రుంకుతాడు; వంతెన నల్లని ఆకృతిగా మిగులుతుంది. అప్పుడు ఫోను తెరపై ఆకాశం ఉన్నచోట వ్రేలుంచి వెలుతురు కుదుర్చుకోవాలి. వంతెనపై వ్రేలుంచితే ఆకాశం తెల్లబడిపోతుంది. సంక్రాంతి నాళ్ళలో సూర్యుడు పడమటికి కొంత దక్షిణంగాను, ఆషాఢంలో కొంత ఉత్తరంగాను అస్తమిస్తాడు కాబట్టి, ఒకే మెట్టుమీద నిలిచినా ఋతువును బట్టి బొమ్మ మారుతుంది.

కెమేరా ఉన్నవారు నిండుటెండలో ఐ.ఎస్.ఓ. 100, అపెర్చరు 11, షట్టరు సెకనులో 250వ వంతు పెట్టుకొని ఆరంభించవచ్చును. అపెర్చరు సంఖ్య పెరిగినకొద్దీ ద్వారం చిన్నదై, దగ్గరి పడవ, దూరపు వంతెన రెండూ తేటగా వస్తాయి; అయితే లోనికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. సందెవేళ షట్టరు ఎక్కువసేపు తెరచి ఉంచవలసివస్తుంది. అప్పుడు మోచేతులు ప్రక్కలకు ఆనించి, గోడకు ఒరిగి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. తెరను చూస్తూ తడిమెట్లపై వెనుకకు మాత్రం నడవరాదు.

ఈ పట్టణంలో పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేర ఇక్కడనే చిత్రశాల ఉంది. అక్కడ ఒక్కొక్క చిత్రం ముందు నిలిచి, అంచులలో ఏమి ఉంచారో, ఏమి విడిచారో గమనించడం కెమేరా కొన్నవారికి మంచి పాఠం.

1900లో తెరచిన హేవలాక్ వంతెనపై 1997లో రైళ్ళు ఆగిపోయాయి. దానిమీద రైలు పరుగు ఇక చూడలేము. ఆనాటివారు తీసిన ఫోటోలలోనే చూడాలి. నేడు మన ముందున్న పడవలు, రేవులు, మనుషులు కూడ రేపటివారికి అలాగే అందవలసినవారు. అందుచేత మీట నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, ఈ బొమ్మలో చూపదలచినది ఏది అని ప్రశ్నించుకోవడం మంచిది.