గుండ్లకు నిలిచి కత్తెరకు తరిగిన జెండా

పిల్లలూ! అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక మ్యూజియం ఉన్నది. అందులో ఒక గదిలో ఎప్పుడూ మసక వెలుతురే. అక్కడ కాస్త వాలుగా ఉన్న బల్ల మీద ఒక పాత జెండా పరిచి ఉంటుంది. దాని వెడల్పు 30 అడుగులు, పొడవు 34 అడుగులు. కుట్టిన నాడు మాత్రం పొడవు 42 అడుగులు. మరి తక్కిన 8 అడుగులూ ఏమైనట్టు? యుద్ధంలో శత్రువుల గుండ్లకు ఎగిరిపోయి ఉంటుందని మీరు అనుకోవచ్చు. చూద్దాం.

1812లో అమెరికాకూ బ్రిటన్‌కూ యుద్ధం వచ్చింది. బాల్టిమోర్ రేవుకు కాపలాగా మెక్‌హెన్రీ అనే కోట ఉండేది. కోట అధిపతి జార్జ్ ఆర్మిస్టెడ్, శత్రువుల కంట దూరాన్నుంచే పడేటంత పెద్ద జెండా కావాలన్నాడు. 1813లో ఆ పని మేరీ పికర్స్‌గిల్ అనే వితంతువుకు అప్పగించారు. జెండాలు కుట్టడమే ఆమె జీవనాధారం. కూతురు, అన్నదమ్ముల బిడ్డలతోపాటు, ఒప్పందం మీద ఆ ఇంట ఉండి పని నేర్చుకుంటున్న గ్రేస్ విషర్ అనే నల్లజాతి బాలిక కూడా ఆమెకు సాయపడింది.

ఆనాటి అమెరికా జెండాకు 15 చుక్కలు, 15 చారలు. ఒక్కొక్క చార సుమారు 2 అడుగులు. జెండా వెడల్పు ఎంతో మీరే లెక్క కట్టండి! మన పతాక నియమావళి పట్టికలో అన్నిటికన్నా పెద్దది 21 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. అటువంటివి నాలుగు కలిపి పరిచినా దీనికి కొంచెం తక్కువే. ఇంట్లో చోటు చాలక, దగ్గరున్న బీరు కాచే శాలలో నేల మీద పరచి కుట్టారు. ఆమెకు ముట్టిన సొమ్ము 405 డాలర్ల 90 సెంట్లు. ఆ రసీదు నేటికీ ఉన్నది. జెండా కొలతలు కూడా అందులో రాసి ఉన్నాయి. పాత వస్తువుకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి?

1814 సెప్టెంబరు 13న బ్రిటిష్ ఓడలు కోట మీద గుండ్ల వాన మొదలుపెట్టి, సుమారు 25 గంటలు కురిపించాయి. పైన నిజం వాన కూడా! తడిస్తే ఆ ఉన్నిగుడ్డ మోయరాని బరువవుతుంది. అందుచేత ఆ రాత్రి మేరీయే కుట్టిన చిన్న జెండాను ఉంచి, 14వ తేదీ ఉదయం పెద్దదాన్ని ఎత్తారని చరిత్రకారులు భావిస్తున్నారు. ఓడ మీదినుంచి దాన్ని చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే న్యాయవాది ఒక పాట కట్టాడు. 1931లో అదే అమెరికా జాతీయ గీతమయింది.

జెండా ఆర్మిస్టెడ్ ఇంటికి చేరింది. 1818లో ఆయన పోయాక భార్య లూయిసా, ఆమె తరువాత కూతురు జార్జియానా దాన్ని కాపాడారు. కాపాడారు అన్నాను గాని, అసలు నష్టం జరిగింది అక్కడే! యుద్ధంలో పోరాడినవారూ, వారి బంధువులూ, పెద్దమనుషులూ ఆ ఇంటికి వచ్చి గుర్తుగా చిన్న ముక్క ఇమ్మని అడిగేవారు. కాదనలేక కత్తెర వేసి ఇచ్చేవారు. అలా తరిగి తరిగి చివరిభాగం పోయింది. ఒక చుక్కను కూడా కోసి ఎవరికో ఇచ్చారు. అది మళ్లీ దొరకలేదు. అడిగినవారందరికీ ఇచ్చి ఉంటే చూపించడానికి మిగిలేది కొంచెమేనని జార్జియానాయే రాసింది. అడిగినవారిలో ఒక్కరికీ జెండా మీద ద్వేషం లేదు సుమా!

ఆమె కొడుకు ఎబెన్ ఆపిల్టన్ 1907లో జెండాను మ్యూజియానికి అప్పగించి, 1912లో శాశ్వతంగా ఇచ్చివేశాడు. 1914లో వెనుక నారగుడ్డ వేసి సుమారు 17 లక్షల కుట్లు వేశారు. కాలక్రమాన ఆ కుట్లే బలహీనమైన ఉన్నిని లాగసాగాయి. 1998 తరువాత నిపుణులు ఒక్కొక్క కుట్టూ కత్తిరించి నారగుడ్డను తీశారు. ఇన్నేళ్లూ దాని చాటున ఉన్న వైపు రంగులు ఎంతో నిండుగా కనబడ్డాయి. ఎండ, వెలుతురు రంగును తినేస్తాయి గదా! గదిలో మసక వెలుతురు అందుకే.

పోయిన 8 అడుగులకు మాత్రం కొత్తగుడ్డ అతకలేదు. కత్తెర పడిన అంచు పడినట్టే ఉన్నది.