నగరసభా ఎన్నికలు - దాతల ధనము

మన యిండ్లలో నెలసరి పద్దు వ్రాయునది స్త్రీయే. పాలవాని బాకీ, బియ్యపు మూట వెల, పిల్లల బడి రుసుము, వీనిలో నే యొక్కటి తప్పినను ఆమె కన్ను గప్పలేదు. అట్టి చేతితో మన నగరసభా సభ్యుని ఎన్నిక ఖర్చును గూడ నొకమారు లెక్క గట్టి చూడుడని దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, ఎల్.బి.నగరు ప్రాంతముల సోదరీమణులను మేము కోరుచున్నాము.

ఎల్.బి.నగరునకును గడ్డిఅన్నారమునకును పూర్వము వేర్వేరు పురపాలక సంఘము లుండెడివి. 2007 ఏప్రిలులో హైదరాబాదు మహానగర పాలక సంస్థ యేర్పడినపుడు అవి మఱి పది సంఘములతో గూడ నగరమున గలిసిపోయినవి. 2020 డిసెంబరు 1వ తేదీని 150 డివిజనులకు ఎన్నికలు జరిగినవి. ఒక్కొక్క అభ్యర్థి 5 లక్షల రూపాయలకు మించి వ్యయపఱుపరాదని నాడు నియమము. అప్పటికి కార్పొరేటరు గౌరవవేతనము నెలకు 6,000 రూపాయలు. 2021లో దానిని 7,800కు పెంచిరి. ఆ పెంచిన వేతనమునే అయిదేండ్లకు, అనగా 60 నెలలకు లెక్కించినను 4,68,000 రూపాయలు మాత్రమే యగును. చట్టము ఒప్పిన వ్యయమే యీ మొత్తముకంటె 32,000 అధికము! ఇక రెండు వారముల ప్రచారములో ఫ్లెక్సీలు, ఆటోలు, వెంట నడచువారి కూలి, వారి భోజనములు అన్నియు 5 లక్షలలో ముగియునని నమ్ము గృహిణిని మే మింతవఱకు చూడలేదు.

ఈ లోటు నెవరు పూడ్చుచున్నారు? సొంత యాస్తి వెచ్చించి సేవ చేయువారు లేకపోలేదు. చందాలు పోగుచేసికొని నిలిచినవారును గలరు. వారిని మేము తప్పుపట్టము. మా శంక మూడవ తెగవారిని గూర్చినది. మన ప్రాంతమున చేతిలో రొక్కమాడువా రెవరో చూడుడు: అపార్టుమెంటులు కట్టువారు, రోడ్డు పనుల గుత్తదారులు, కోచింగు సెంటరులు హాస్టళ్లు నడుపువారు, ఫంక్షను హాళ్ల యజమానులు. వీరిలో ప్రతివారికిని నగరపాలక సంస్థతో నేదో యొక పని యుండనే యుండును. ఒకరికి అనుమతికి మించిన అంతస్తు, ఒకరికి బండ్లు నిలుపవలసిన నేలమాళిగలో అంగళ్లు, ఇంకొకరికి రావలసిన బిల్లు. గృహనిర్మాణమునకు అనుమతి నిచ్చునది అధికారులే గాని కార్పొరేటరు కాడు. అయినను ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేసినపుడు ఆయన ఊరకుండుటయే దాతకు వేలకు వేలు విలువ చేయును. ఇందుకు ముందుగా ఒడంబడిక వ్రాసికొన నక్కరలేదు. ఉప్పు తిన్న సంగతి ఇరువురికిని జ్ఞాపక ముండిన చాలును.

ఉద్యోగపర్వములో శల్యుని కథ మన పాఠకురాండ్ర కెఱుకయే. మేనల్లుండ్రగు పాండవులకు దోడుపడుటకై ఆయన సేనతో బయలుదేరెను. దారి పొడవునను దుర్యోధనుడు మంటపములు వేయించి, విందులు సమకూర్చి, తాను మాత్రము మఱుగున నుండెను. ఆ సత్కారమెల్ల ధర్మరాజుదని తలచి శల్యుడు మిక్కిలి సంతసించెను. తీరా చేసినవా డెవడో బయటపడునప్పటికి వర మిచ్చుట తప్పినది కాదు, కౌరవసేనలో జేరుటయు తప్పినది కాదు. మన కార్పొరేటరును మన యోటుతోనే బయలుదేరుచున్నాడు. నడుమదారిలో భోజనము పెట్టినవా రెవరో మనకు దెలియదు.

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగరు చెఱువు దిగువనున్న కోదండరాంనగరు మొదలగు కాలనీలలో నీరు ఇండ్లలోనికి జొచ్చినది. బియ్యము, పప్పులు, పుస్తకములు, పఱుపులు తడిసిపోయినవి. బురద నెత్తిపోసినది ఎక్కువగా స్త్రీలే. నాలా యొడ్డున గట్టిన గోడను తొలగింపుమని యడుగవలసిన సభ్యునకు ఆ గోడ యజమానియే ఎన్నికలో సాయపడి యుండెనేని, ఆయన నోరెట్లు పెగలును? ఆ వానలు వెలిసిన రెండు మాసములలోపుననే ఎన్నికలు వచ్చినవి. ఎల్.బి.నగరు శాసనసభా నియోజకవర్గములోని 11 డివిజనులను భారతీయ జనతా పార్టీ గెలిచినది. 2016లో నగరమంతట 99 స్థానములు గెలిచిన తెలంగాణ రాష్ట్ర సమితి 2020లో 56కు దిగినది. జెండాలు మాఱినవి. వాని వెనుకనున్న దాతలును మాఱిరా యని మాత్ర మెవ్వరు నడుగలేదు.

పార్టీల ధనము మఱింత లోతైనది. అభ్యర్థి వ్యయమునకు హద్దు గలదు గాని, ఒక వ్యక్తి పార్టీకి ఇచ్చు విరాళమునకు హద్దు లేదు. 20,000 రూపాయలు మించని విరాళము లిచ్చినవారి పేళ్లు పార్టీలు వెల్లడింప నక్కరలేదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు పెద్ద దాతల పేళ్లను గూడ ప్రజల కంటికి మఱుగుపఱచినవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. మఱుసటి నెలలో లెక్కలు బయటపడగా, హైదరాబాదునకు జెందిన మేఘా ఇంజనీరింగు సంస్థ సుమారు 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశమున రెండవ స్థానమున నిలిచినట్లు తేలినది. కొనుట ఆనాటికి చట్టసమ్మతమే. పైని జెప్పిన రెండు పార్టీలలో మొదటిది 6,000 కోట్లకు పైగాను, రెండవది 1,200 కోట్లకు పైగాను బాండ్ల రూపమున బొందినవి. ఇవి ఒక్క నగరసభ నిమిత్తమై వచ్చినవి కావు. అయినను నగరసభకు అభ్యర్థులను నిలుపునవియు ఆ పార్టీలే గదా.

స్త్రీలకు సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. 2016లోను 2020లోను 150 స్థానములలో సగము స్త్రీలకు గేటాయింపబడినవి. ఇది గొప్ప మేలు. కాని ఖర్చు పెట్టువాడు భర్త, దాతలతో మాటలాడువాడు భర్త యైనచోట, భార్య పేర గెలిచిన పీఠముమీద గూర్చుండువాడును భర్తయే యగుచున్నాడు. ఎన్నిక ఖర్చు తగ్గినగాని, సొంత సంపాదన లేని చదువుకొన్న యిల్లాలు తన పేరుతో తాను నిలువజాలదని మా దృఢాభిప్రాయము.

న్యూయార్కు నగరమున 1988లో ఎన్నికల ధనమును కనిపెట్టుటకు ప్రత్యేక సంఘమును స్థాపించిరి. ఆ నగరముతో గుత్తపనులు, భూవ్యవహారములు గలవారు నగరసభ అభ్యర్థికి 250 డాలర్లకు మించి యీయరాదు. పథకములో జేరిన అభ్యర్థికి నగరవాసి 10 డాలర్లిచ్చిన, నగరనిధి మఱి 80 చేర్చును. దాతల పేళ్లు ఎవరైనను చూడవచ్చును.

మనకు అంతటి యేర్పాటు లేదు. ఉన్నంతలో, నామినేషనుతో అభ్యర్థి ఆస్తుల ప్రమాణపత్రము దాఖలు చేయవలెను, ఫలితము వెలువడిన 45 దినములలో ఖర్చు లెక్క నొప్పగింపవలెను. ఒప్పగింపనివారు మూడేండ్లు అనర్హు లగుదురు. ఆ లెక్క నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో గోరవచ్చును. దరఖాస్తు తెలుగులోనే వ్రాయవచ్చును.