తలుపు దగ్గర పిల్లి ఏమడుగుతోంది?

కొలిమిగుండ్ల చుట్టుపక్కల పాత మట్టి మిద్దెల్లో పిల్లికి తలుపుతో పనే ఉండేది కాదు. గవాక్షిలోంచి దిగి, గింజల బస్తాల సందుల్లో ఎలుకను పట్టుకుని, గోడెక్కి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆర్‌సీసీ ఇళ్లు, గ్రిల్ తలుపులు, దోమల మెష్ కిటికీలు వచ్చాయి. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లి గడప దాటకుండానే పెరుగుతోంది. బయటికి వదులుదామంటే నాపరాళ్ల లోడుతో పోయే లారీలు, వీధికుక్కల గుంపులు. లోపల తిండికీ నీడకూ కొదవ లేదు. అయినా తెల్లవారుజామున తలుపు గీకుతూ, మ్యావుమంటూ ఇంటిల్లిపాదినీ లేపుతుంది.

పోరు పడలేక వదిలేద్దామనేవారు కొందరు, పాపం జైల్లో పెట్టామని బాధపడేవారు కొందరు. తేల్చుకునేముందు ఒక సంగతి చూడాలి. బయట ఉన్నవాటిలో పిల్లికి కావలసినవి రెండో మూడో మాత్రమే. అవేమిటో తెలిస్తే, చాలావరకు ఇంట్లోనే అమర్చవచ్చు.

మనుషుల కోసం దాచుకున్న గొంతు

పెద్దయిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. వాసన, తోక, చెవులతోనే వాటి వ్యవహారమంతా నడుస్తుంది. మ్యావ్ అనేది కూన తల్లిని పిలిచే పిలుపు. పెంపుడు పిల్లి దాన్ని పెద్దయ్యాక కూడా మన కోసం అట్టిపెట్టుకుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు నికోలస్ నికాస్ట్రో 2004లో పెంపుడు పిల్లుల అరుపులను ఆఫ్రికా అడవిపిల్లుల అరుపులతో పోల్చి చూశాడు. పెంపుడు పిల్లి అరుపు పొట్టిగా, సన్నగా ఉంది. విన్నవారికి అదే ఇంపుగానూ తోచింది.

2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ మెకోంబ్ బృందం మరో కిటుకు బయటపెట్టింది. తిండి కోసం పిల్లి చేసే గురగురలో 220 నుంచి 520 హెర్ట్జ్ మధ్య సన్నని ఏడుపు కలిసి ఉంటుంది. పసిబిడ్డ ఏడుపు కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుంది. పిల్లిని ఎన్నడూ పెంచనివారు సైతం అది విని ఏదో అవసరమని గుర్తించారు. పిల్లి గోల పెడితే చూస్తూ ఊరుకోలేకపోవడం మన బలహీనత కాదు, ఆ గొంతు తయారైన తీరే అంత.

గోల మనం నేర్పిందే

మనస్తత్వ శాస్త్రంలో బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు తేల్చిన సంగతి ఒకటుంది. ప్రతిసారీ ఫలితం దక్కే పని కంటే ఎప్పుడో ఒకసారి దక్కే పనినే ప్రాణి గట్టిగా పట్టుకుంటుంది. మట్కాలో ఒక్కసారి తగిలినవాడు మళ్లీ మళ్లీ చీటీ రాయించినట్టే. నాలుగు రోజులు బిగబట్టి ఐదో రోజు తలుపు తీస్తే, పిల్లి నేర్చుకునేది ఓపిక పట్టడం కాదు, ఐదు రోజులు అరవడం. ఇంట్లో అందరూ కసిరినా అవ్వ చాటుగా గడియ తీస్తే చాలు, పాఠం పూర్తయినట్టే.

ఫలితం పూర్తిగా ఆపేసినప్పుడు మొదట్లో గోల తగ్గకపోగా పెరుగుతుంది. ఇక తాళలేమని చాలామంది లొంగిపోయేది అక్కడే. ఆ దశ దాటితే క్రమంగా తగ్గుతుంది. కసరడం కూడా పిల్లి లెక్కలో పలకరింపే. కాబట్టి అరుస్తున్నంతసేపు పట్టించుకోకుండా, ఊరుకున్నాక పలకరించాలి. తిండి గిన్నె అరుపుకు కాక గడియారానికి కట్టుబడి ఉండాలి.

ముందుగా ఒంటి సంగతి

కొన్ని అరుపులను మాత్రం పట్టించుకోకుండా వదలకూడదు. ఆడపిల్లి ఆరు నెలల వయసుకు, ఒక్కోసారి అంతకు ముందే ఎదకు వస్తుంది. నేల మీద పొర్లుతూ, నడుము వంచి వెనక భాగం పైకెత్తి సాగదీసి అరుస్తుంటే కడుపునొప్పి అనుకుంటారు. సాధారణంగా జత కడితే తప్ప పిల్లికి అండం విడుదల కాదు. కట్టకపోతే వారం రోజుల ఎద తగ్గి, రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలవుతుంది. పగటి పొద్దు పెరిగే కొద్దీ ఎద ఎక్కువవుతుంది. చలికాలంలోనూ పగలు మరీ తగ్గని మన ప్రాంతంలో దీనికి పెద్దగా విరామం ఉండదు. గండుపిల్లి ఎద వాసన పట్టి, తలుపు మీద మూత్రం చిమ్ముతూ బయటికి పరుగు తీస్తుంది. ఈ గోలకు ఆటలూ బొమ్మలూ పనిచేయవు. పశువైద్యుడితో కు.ని. ఆపరేషన్ చేయించడమే దారి.

మగపిల్లి ఇసుక ట్రేలో మాటిమాటికీ కూర్చుని, చుక్క పడక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయినట్టు అనుమానించాలి. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే థైరాయిడ్, రక్తపోటు పరీక్షలు అవసరం. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ ఇవ్వడం పిల్లికి విషం పెట్టడమే.

వేట, ఎండ, వాసన

ఒంట్లో బాగుండీ అరుస్తుంటే వేళ చూడండి. ఎలుకలూ పిట్టలూ కదిలే తెల్లవారుజాము, మునిమాపు వేళలే పిల్లికి వేట వేళలు. కడుపు నిండినంత మాత్రాన వేట కోరిక చావదు. అయితే ఏం తింటోందన్నది ముఖ్యం. మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలు, పెరుగన్నం. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే అందాలి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు కూడా. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం దండిగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు ఐదు పది నిమిషాలు ఆడించిన పిల్లుల్లో 25 శాతం తగ్గింది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో గుడ్డో తిండిలో చేర్చాలి. పడుకోబోయే ముందు దారానికి ఈక కట్టి ఆడించి, చివర్లో పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెడితే వేట ముగిసినట్టే. ఒళ్లు నాక్కుని పడుకుంటుంది.

రెండోది ఎండ. పెంపుడు పిల్లుల మూలం పశ్చిమాసియా అడవిపిల్లి అని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. అందుకే మనకు ఉక్కగా ఉండే 30 నుంచి 38 డిగ్రీల మధ్యే పిల్లి ఒంటికి సుఖం. చలికాలం పొద్దున అది తలుపు దగ్గరికి పోయేది ఎండ కోసమే కావచ్చు. తూర్పు కిటికీ కింద ఒక నాపబండను అల్మారా బండలాగా బిగించి గోనెపట్టా పరిస్తే చాలు. ఈ ప్రాంతంలో బండకు కరువా? వేసవిలో పట్టా తీసేస్తే నీడపట్టున అదే చల్లగా ఉంటుంది. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బయటి బండలు పాదాలు కాలుస్తాయి. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే అది వడదెబ్బ హెచ్చరిక.

మూడోది పొలిమేర. రోజూ తన హద్దులు చూసుకుని వాసన పూయడం పిల్లికి పని. ఎత్తున కూర్చునే చోటు, గోళ్లు గీరడానికి గోనె చుట్టిన గుంజ, వైరు మెష్‌తో మూసిన వరండా ఉంటే ఆ పని ఇంట్లోనే జరుగుతుంది. వీధిలోకే తీసుకెళ్లాలనుకుంటే ఛాతీకి కట్టే పట్టీతో, సాయంత్రం చల్లబడ్డాక తిప్పవచ్చు. అరిచినప్పుడు కాకుండా, రోజూ ఒకే వేళకు.

వీధిలో పెరిగిన పెద్ద పిల్లిని లోపలికి తెస్తే ఇదంతా అలవాటయ్యేసరికి వారాలు పడుతుంది. పొలం దగ్గర ఎలుకల కోసం పిల్లిని స్వేచ్ఛగా వదిలేవారు దానికి కనీసం రేబిస్ టీకా, కు.ని. ఆపరేషన్ చేయించాలి.

ఇంతకూ మీ పిల్లి అడిగేది వీటిలో ఏది? ఒక వారం పాటు అది అరిచిన వేళ, చేసిన చేష్ట, ఆ వెంటనే ఇంట్లోవాళ్లు ఏం చేశారో కాగితం మీద మూడు వరసల్లో రాయండి. మొదటి రెండు వరసలు పిల్లికి ఏం కావాలో చెబుతాయి. గోల ఎందుకు ఆగడం లేదో మూడో వరస చెబుతుంది.