పగలు ఆసుపత్రి, సాయంకాలము ఇల్లు

మద్యపాన వ్యసనమునకు లోబడిన మనుష్యునకు దినములోని గంటలన్నియు సమానములు కావు. ఉదయము పశ్చాత్తాపముతోను, మధ్యాహ్నము పనిపాటలతోను ఏదోవిధముగ గడచిపోవు కాలము, సాయంకాలము ఆరు గంటలగుసరికి ఒక్కసారిగ బరువెక్కును. చేతిలో నాటి కూలిడబ్బులు, త్రోవలో వైన్‌షాపు, దాని ముంగిట పేరుపెట్టి పిలుచు మిత్రబృందము, ఇంటివద్ద కాచుకొని కూర్చున్న అప్పులవారు, ఇవన్నియు ఆ ఒక్క గంటలోనే కూడివచ్చును. అట్టి గంట సమీపించుచుండగా, రోగిని లోపల ఉంచి తలుపు వేయుటకు మారుగా, “ఇంటికి వెళ్లి, రేపు తొమ్మిదింటికి రండి” యని పంపివేయు ఆసుపత్రి యొకటి కలదన్నచో, విన్నవారికి అది బాధ్యతారాహిత్యముగ తోచుట సహజము. కాని ఆ పంపివేయుటయే చికిత్సలోని ముఖ్యభాగమని నమ్మిన వైద్యులు కలరు. వారి నమ్మకము పరీక్షకు నిలిచినది గూడ. అమెరికాలో ఈ పద్ధతిని పార్షియల్ హాస్పిటలైజేషన్ అందురు. పగటి ఆసుపత్రి యన్నచో మనకు సుబోధము.

ఇది పుట్టినది మంచముల కొరత వలన. 1930ల తొలినాళ్లలో మాస్కోలో జగారోవ్ అను మానసిక వైద్యుడు, ఆసుపత్రిలో స్థలము చాలక, రోగులను పగటివేళ మాత్రము చేర్చుకొని రాత్రి ఇండ్లకు పంపు ఏర్పాటు గావించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, అనగా 1946లో, మాంట్రియల్ నగరమున అలెన్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో యూయెన్ కామెరాన్, లండనులో జాషువా బీరర్ దాదాపు ఏకకాలమున పగటి ఆసుపత్రులు నెలకొల్పిరి. (కామెరాన్ తదుపరి కాలమున రోగులపై గావించిన ప్రయోగములు వైద్యచరిత్రకు మాయని మచ్చగా మిగిలినవి, అతడు తెరచిన ఈ యొక్క తలుపు మాత్రము మూతపడలేదు.) 1963 అక్టోబరు 31వ తేదీన అధ్యక్షుడు కెన్నెడీ సంతకము చేసిన సామాజిక మానసిక ఆరోగ్యకేంద్రముల చట్టమును అనుసరించి, ప్రతి కేంద్రమును అందింపవలసిన ఐదు సేవలలో ఈ పాక్షిక చికిత్స యొకటి యయ్యెను. మనోవ్యాధుల కొరకు కల్పింపబడిన ఈ విధానము, క్రమముగ మద్యమునకు, కొకెయినుకు, నల్లమందు జాతి మత్తులకు బానిసలైనవారికిని విస్తరించినది.

ఎవరికి ఎంత చికిత్స యను ప్రశ్నకు అమెరికా వ్యసనవైద్యుల సంఘము 1991లో కొలమానమొకటి ప్రకటించెను. పిమ్మట సవరింపబడిన ఆ లెక్కలో వారమునకు తొమ్మిది గంటలు మొదలు పంతొమ్మిది గంటల వరకు సాగునది తీవ్రమైన ఓపీ చికిత్స. ఇరువది గంటలు, అంతకు పైబడినది పగటి ఆసుపత్రి. దానికి పైమెట్టున రేయింబవళ్లు ఉండు వసతి, ఆ పైన సంపూర్ణ వైద్యశాల. రోగిని ఏ మెట్టుపై నిలుపవలెనో నిర్ణయించుటకు వారు చిరకాలము పరిశీలించుచు వచ్చిన ఆరు అంశములలో చివరిది నన్ను ఎక్కువగ ఆకర్షించినది: అతడు తిరిగిపోవు ఇల్లు ఎట్టిది? ఆ ఇంట మరియొక తాగుబోతు కలడా? అతనిపై ఆశ మిగిలినవారు ఒక్కరైన కలరా? కాలేయము, గుండె, మనఃస్థితి చూచినట్లే ఇంటిని గూడ పరీక్షింపవలెనని వైద్యశాస్త్రము అంగీకరించుట సామాన్యవిషయము కాదు.

లోపల ఏమి జరుగును? ఉదయము తొమ్మిదింటికి వచ్చిన రోగి ముందుగ బ్రెత్ ఎనలైజరులో ఊదవలెను. మన రహదారులపై పోలీసుల చేతిలో కనబడు యంత్రమే యది; అయినను దాని యెదుట నిలిచినవానికి తాను నేరస్థుడనను భావము కలుగకుండ చూచుట ఇచటి నర్సు నేర్చిన విద్య. నాడి, రక్తపోటు, చేతుల వణుకు చూచి మందులు ఇత్తురు: యావను తగ్గించు నాల్ట్రెక్సోన్ కావచ్చును, తాగినచో దేహమును అల్లకల్లోలము చేయు డైసల్ఫిరామ్ కావచ్చును. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు వెలుగులోనికి తెచ్చిన ఈ రెండవ మందు, రోగి తెలిసి, ఒప్పుకొని, ఇంకొకరి కంటియెదుట మ్రింగినప్పుడు బాగుగ పనిచేయును. మన ఇండ్లలో కొందరు నిస్సహాయలగు ఇల్లాండ్రు దీనినే భర్తకు తెలియకుండ కూరలో కలుపుదురు. ఆ సంగతి ఎరుగక అతడు తాగినచో రక్తపోటు పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చునని వారికి చెప్పిన వారెవరును లేరు.

పిమ్మట ఎనిమిది పదిమంది కూర్చుండు సమావేశము. ఇందులోనే పగటి ఆసుపత్రి యొక్క ప్రత్యేకత గోచరించును. నెలరోజులు తలుపుల వెనుక ఉన్నవాడు చెప్పగలిగినది పాతకథ. ఎన్నడో తాగిన రాత్రులను గూర్చి, ఎన్నడో కోల్పోయిన ఉద్యోగమును గూర్చి. ఇచటివాడు నిన్నటి సాయంకాలమును గూర్చి చెప్పును: బస్సు దిగినచోట ఎవరు కనబడిరి, బావమరది ఏమనెను, ఆ మాటకు గొంతు ఎట్లు ఎండినది, ఏ మలుపున కాళ్లు ఆగినవి, ఎట్లు ముందుకు సాగినవి. సియాటిల్ నగరమున మనస్తత్వశాస్త్రజ్ఞుడగు అలాన్ మార్లట్ 1985లో ప్రచురించిన గ్రంథమున, మానినవారు మరల తాగుటకు దారితీయు సందర్భములలో అధికభాగము మూడింటిలో ఇముడునని చూపెను: మనసు కుంగిన వేళ, ఇంటిలోనో పనిలోనో కలహము, తోటివారి బలవంతము. ఈ మూడును వార్డు గోడల లోపల అరుదుగ తటస్థించును. ఇంటి త్రోవలో ప్రతిదినము తటస్థించును. కనుక సాయంకాలము ఎదురైన కష్టము మరునాటి ఉదయమే పాఠమగును. ఆ పాఠము మరల సాయంకాలము పరీక్షకు నిలుచును. ఓడినచో ఆ ఓటమి పదునారు గంటలలోపుననే వైద్యునికి తెలియును.

ఫిలడెల్ఫియాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో, ఇంటికి పంపుచు చేయు చికిత్స వార్డు చికిత్సకు సాటియగునా యను విషయము నిజముగ పరీక్షింపబడినది. 1989లో వెలువడిన మొదటి పరిశీలనలో, మద్యము మానునపుడు స్వల్పముగనో మధ్యస్థముగనో బాధపడు 164 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగ విభజించి, కొందరిని వార్డులో ఉంచిరి, కొందరిని ప్రతిదినము వచ్చి పొమ్మనిరి. వచ్చిపోయినవారిలో చికిత్స ముగించినవారు నూటికి 72, వార్డులోనివారిలో 95. అయినను ఆరునెలల పిమ్మట చూడగా ఇరువర్గముల మధ్య చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వ్యయము మాత్రము ఒకచోట మూడువేల డాలర్లకు పైబడగా మరొకచోట నాలుగువందల లోపే. తరువాత 1994లో అదే నగరమున కొకెయిను బానిసలగు 111 మందిపై గావించిన పరిశీలనలో, వారమునకు 27 గంటల పగటి ఆసుపత్రి నెలరోజులు సాగెను. పూర్తిచేసినవారు నూటికి 54 మంది మాత్రమే; లోపల ఉంచినవారిలో 89. ఏడునెలల నాటికి ఫలితములు తిరిగి ఇంచుమించు సమానము, ఖర్చు సగమునకు అటునిటు.

ఈ అంకెలను చదివి సంతోషించువారు 54 అను సంఖ్య వద్ద ఒక్క నిమిషము ఆగవలెనని నా మనవి. నూటికి నలుబదియారుగురు నడుమ జారిపోయిరి. పగటి ఆసుపత్రికి తాళము లేదు. తొమ్మిదింటికి రావలసినవాడు రానిచో పదింటికి ఫోను చేయు మనుష్యుడు, మధ్యాహ్నమునకు ఇంటికి పోయి తలుపు తట్టు మనుష్యుడు ఉండవలెను. ఆ ఇద్దరు లేని పగటి ఆసుపత్రి పేరునకే ఆసుపత్రి.

అందరికిని ఇది తగదు. ఏండ్ల తరబడి మితిమీరి తాగినవాడు ఒక్కమారు మానివేసినచో, తొలి రెండు దినములలో ఫిట్స్ రావచ్చును. రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతి తప్పి, లేనివి కనబడి, జ్వరమెక్కి, సకాలమున వైద్యము అందనిచో మరణింపవచ్చును. పూర్వము ఫిట్స్ వచ్చినవారిని, ఆత్మహత్యాభావన గలవారిని, గర్భిణులను, ఇంట కనిపెట్టువారు లేని ఒంటరులను ముందుగ వార్డులో చేర్పవలసినదే. వణుకు, చెమట, కలవరము మొదలగు పది లక్షణములకు మార్కులు వేసి, మొత్తము 67లో ఎంత వచ్చినదో చూచి వైద్యులు దీనిని నిర్ణయింతురు. అపాయము గడచిన పిమ్మట వార్డునుండి పగటి ఆసుపత్రికి దిగుట ఉత్తమమైన క్రమము. వార్డునుండి తిన్నగ వీథిలోనికి దిగుటయే మనము సాధారణముగ చూచుచున్న క్రమము.

ఇక ఇంటి మాట. పగలు ఆసుపత్రి వహించు భారమును రాత్రి ఎవరు వహింతురు? భార్య, లేదా తల్లి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణముపై తిరుగబడి, మరుసటి యేడు అక్టోబరు నుండి ప్రభుత్వముచే సారాను నిషేధింపజేసిరనిన, ఆ సాయంకాలముల బరువును వారికంటె ఎరిగినవారు లేరు గనుకనే. అట్టివారిని జీతము లేని కాపలాదారులుగ మార్చుట న్యాయము కాదు. చికిత్సలో భాగస్వాములను చేయుట వేరు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో జరిగి 2010లో ప్రకటింపబడిన పరిశీలనలో, 90 మంది రోగులలో కొందరికి ఒంటరిగను, కొందరికి కుటుంబసభ్యునొకరిని ప్రక్కన కూర్చుండబెట్టియు శిక్షణ నొసగిరి. ఆరునెలలలో కుటుంబముతో శిక్షణ పొందినవారే తక్కువ దినములు తాగిరి. దీనికి దశాబ్దముల పూర్వమే అమృతసర్‌లో డాక్టరు విద్యాసాగర్ మానసిక వైద్యశాల ఆవరణలో డేరాలు వేయించి, రోగుల బంధువులను అందు నిలిపి, వారి సహాయముతో వైద్యము సాగించెను. మనదేశమునకు ఈ భావము క్రొత్తది కాదు. ఐనను ఆ ఇల్లాలికి గూడ వారమున కొక గంట తన కష్టమును చెప్పుకొను అవకాశము, దెబ్బలు తినుచున్నచో రక్షణ, ఈ రెండును కల్పింపక రోగిని ఆమెకు అప్పగించుటను నేను చికిత్స యనజాలను.

ఈ విధానమునకు చీకటివైపు గూడ కలదు. ఫ్లారిడా రాష్ట్రపు దక్షిణభాగమున, పగలు చికిత్సాకేంద్రమునకు పోయి రాత్రి “సోబర్ హోమ్” అను వసతిగృహమున నిద్రించు ఏర్పాటు విస్తరింపగా, కొందరు వ్యాపారులు రోగులను కమీషనుకు అమ్ముకొనసాగిరి. బీమా సొమ్ము కొరకు అనవసరమైన మూత్రపరీక్షలు పదేపదే చేయించి, బీమా ముగిసినవానిని మరల తాగనిచ్చి, క్రొత్తగ చేర్చుకొనిన దృష్టాంతములు బయల్పడినవి. పామ్‌బీచ్ కౌంటీలో 2016లో ప్రత్యేక దర్యాప్తుబృందము ఏర్పడెను. 2018లో అట్టి కమీషన్లను నేరముగ పరిగణించు కేంద్రచట్టము వచ్చెను. సొమ్ము రోగి వెంట నడచుచోట రోగిని గంటలుగ లెక్కించి అమ్ముట సులభము. మనము ఈ పద్ధతిని తెచ్చుకొన్న దినమున ఈ కథను గూడ తెచ్చుకొనవలెను.

మనదేశపు స్థితి యేమి? 2019లో కేంద్ర సామాజికన్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రకటించిన సర్వే ప్రకారము, మద్యము వలన హానికిగాని బానిసత్వమునకుగాని లోనైనవారు 5.7 కోట్లు. బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినది 38 మందికి ఒకరు. ఆసుపత్రిలో చేరినది 180 మందికి ఒకరు. ఐనను చికిత్స యనగానే మన మనసున మెదలునది చేర్పించి తలుపు వేయుటయే. భర్తను 1979లో మద్యమునకు కోల్పోయి, మరుసటి యేడు చెన్నైలో వ్యసనవైద్యసంస్థను స్థాపించిన శాంతి రంగనాథన్ వంటివారు, గ్రామములోనే శిబిరము వేసి, కుటుంబమును, ఊరిని కలుపుకొని వైద్యము చేయవచ్చునని చూపిరి. ఆ మార్గమున నడచినవారు కొలదిమంది. ఇరువది గంటల ఆ నడిమి మెట్టు మన జిల్లా ఆసుపత్రులలో దాదాపు కానరాదు. ఏమియు లేకుండుట, నెలరోజులు బంధింపబడుట, ఈ రెండే మన కుటుంబముల యెదుట నిలుచుచున్నవి.

దీనికి డబ్బు లెక్కలు గూడ కారణము. మన ఆరోగ్యబీమాలో ఆసుపత్రిలో చేరుటయనగా, కొన్ని నిర్దిష్ట చికిత్సలు మినహా, ఎడతెగక 24 గంటలు లోపల ఉండుట. సాయంకాలము ఇంటికి పోవువాడు ఆ నిర్వచనమునకు వెలియే. పైగా 2019లో బీమా నియంత్రణ సంస్థ ప్రామాణికముగ గావించిన మినహాయింపుల పట్టికలో పండ్రెండవది మద్యము, మాదకద్రవ్య వ్యసనముల చికిత్స. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుపదార్థముల వలన కలుగు మానసిక స్థితులను మనోవ్యాధులలో చేర్చి, మనోవ్యాధికి శరీరవ్యాధితో సమానముగ బీమా కల్పింపవలెనని ఆదేశించినది. ఈ రెంటికిని పొంతన కుదుర్పవలసినవారు కుదుర్పవలెను.

తెలంగాణములో ఈ అవసరము ఎంత తీవ్రమో 2020 మార్చి చివర లోకమెల్ల చూచినది. లాక్‌డౌనులో కల్లుదుకాణములు మూతపడగా, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణకుచు, పిచ్చిచూపులు చూచుచు, ఫిట్స్‌తో పడిపోవుచు జనము తరలివచ్చిరి. వారు బానిసలైనది చెట్టుకల్లునకు కాదు. కల్తీకల్లులో కలుపు డైజీపామ్, ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులకు. తాము తాగుచున్నది మందుబిళ్లల నీరని వారిలో చాలమందికి తెలియదు. ఇట్టి మత్తును ఒక్కనాట మాన్పరాదు. డాక్టరు లెక్కకట్టి వారమువారమునకు కొంచెము కొంచెముగ తగ్గించుకొనుచు పోవలెను. అన్ని వారములు కూలివానిని మంచముపై ఉంచుట ఆసుపత్రికి సాధ్యము కాదు, అతని ఇంటికి అంతకన్న సాధ్యము కాదు. నెలకు సరిపడు మాత్రలు చేతికిచ్చి పంపుట మరింత ప్రమాదము. నాటిమోతాదు నాడే నర్సు యెదుట వేసుకొని, మధ్యాహ్న భోజనము చేసి, తోటివారితో కూర్చుండి, సాయంకాలము ఇల్లు చేరు ఏర్పాటు దీనికి సరిగ తగినది. దానికి కావలసినది క్రొత్త భవనము కాదు: జిల్లా ఆసుపత్రిలో రెండు గదులు, ఒక మానసిక వైద్యుడు, ఇద్దరు నర్సులు, ఒక కౌన్సెలరు, పది గంటలకు ఫోను చేయుట కొకరు, బస్సుపాసు, ఒకపూట అన్నము. కల్తీకల్లు అధికముగ అమ్ముడుపోవు ఏ జిల్లాలోనైన ముందుగ ఒకటి తెరచి, యేడాది నడపి, ఎందరు వచ్చిరి, ఎందరు నడుమ జారిరి, ఎందరు నిలిచిరి యను లెక్కలను ఉన్నవి ఉన్నట్లు ప్రకటింపవలెను. అంతవరకు, ఇంట ఇట్టి కష్టము గలవారు కేంద్రప్రభుత్వపు ఉచిత సహాయకేంద్రమునకు 14446 సంఖ్యపై ఫోను చేసి, సమీపమున ఏ చికిత్స యున్నదో అడుగవచ్చును. అడిగినప్పుడు, పగటివేళ వచ్చిపోవు వీలు కలదా యని గూడ అడుగవలెను.