పసిబిడ్డల గజ్జవాపు: శస్త్రచికిత్సకు జాగు

చంటిబిడ్డ యేడ్చునపుడు గజ్జలో చిన్న ఉబ్బు పొడసూపి, నిద్రించిన పిమ్మట మాయమగుట మన గ్రామములందు పలువురు తల్లు లెరిగినదే. దీనిని నేటి వైద్యులు హెర్నియా యందురు. పూర్వులు ఆంత్రవృద్ధి యనిరి. బిడ్డ గర్భమందున్నపుడు వృషణము కడుపునుండి దిగివచ్చిన దారి సాధారణముగా పుట్టుక ప్రాంతమున మూసికొనును. అట్లు మూసికొననిచో ప్రేగు అందులోనికి జారును. మగబిడ్డలలో నిది హెచ్చు, నెలలు నిండక పుట్టినవారిలో మరియు హెచ్చు, ఆడుబిడ్డలకును రావచ్చును. పసరులుగాని పట్టీలుగాని యీ దారిని మూయజాలవు. (బొడ్డు ఉబ్బు వేరు. అది పెక్కుమందికి నాలుగైదేండ్లలో తానే మానును. దానిపై నాణెము కట్టుట వృథా.)

జారిన ప్రేగు తిరిగి లోనికి పోవునంతకాలము బిడ్డకు బాధ తక్కువ. కనుకనే యింటివారు తొందరపడరు. అది ఇరుకున బిగిసెనా, రక్తప్రసారమాగి కొలది గంటలలోనే ప్రేగు చెడవచ్చును. వృషణమునకును హాని కలుగవచ్చును. ఏడాదిలోపు బిడ్డలకే యీ యపాయ మధికము.

ఎన్నాళ్లు వేచియుండవచ్చును? కెనడా వైద్యులు రెండేండ్లలోపు బిడ్డలను, వేయిమందికి పైగా, పరిశీలించి 2008లో తమ ఫలితములను ప్రకటించిరి. అచ్చట చికిత్స ప్రభుత్వ వ్యయముననే జరుగును, కాని వరుసలో నిలువవలెను. రోగము గుర్తించిన 14 దినములలోగా శస్త్రచికిత్స జరిగినచో ప్రేగు బిగియుట నూటికి 5 వంతులు. 35 దినములవరకు ఆగినచో 10 వంతులు. మూడు వారముల జాగు అపాయమును రెట్టింపు చేసినది.

మన యందు ఆసుపత్రి వరుసకు ముందు ఇంటి వరుస యొకటి కలదు. కోతలు కావలెను, ధాన్య మమ్ముడు కావలెను, ఆషాఢము పోవలెను, పెద్దవారు ఔననవలెను. అదను తప్పిన నాటు ఎట్టిదో మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఈ బిడ్డ విషయమునను లెక్క దినములలోనే యున్నది. ధనమే యడ్డమైనచో, ఈ చికిత్స తమ కార్డుపై చేరునో లేదో ఆసుపత్రియందలి ఆరోగ్యమిత్రను తొలినాడే యడుగవలెను.

నెలలు నిండక పుట్టిన బిడ్డల సంగతి వేరు. అమెరికాలో జరిగిన పరిశోధనమును 2024లో ప్రకటించిరి. త్వరగా శస్త్రచికిత్స చేసినవారిలో నూటికి 28 మందికి తీవ్రమైన చిక్కులు గలిగెను. కొన్ని నెలలు ఆగి చేసినవారిలో 18 మందికే. మత్తుమందును, శ్వాసను బట్టి వైద్యుడే యాగుమనినచో ఆగుట మంచిది. అది వైద్యుని కనుసన్నలలోని నిరీక్షణము, ఇంటియందలి ఉపేక్ష కాదు.

ఉబ్బు గట్టిపడి లోనికి పోకున్నను, బిడ్డ యెడతెగక యేడ్చుచున్నను, పచ్చని వాంతి యైనను, కడుపుబ్బినను, చర్మ మెఱ్ఱబారినను, ఆ రాత్రియే బయలుదేరవలెను. బలవంతముగా నొక్కరాదు. పాలుగాని కషాయముగాని పట్టరాదు. 108కు ఫోను చేయుడు. చిన్నపిల్లల శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికే చేర్చుమని యడుగుడు. మామూలు దినములలో వైద్యుని యొద్దకు పోవునాటికి ఉబ్బు కనబడకపోవుట కలదు. కావున అది కనబడినపుడే చేతిఫోనుతో ఫోటో తీసి యుంచుకొనవలెను.