పెడళ్లకు తోడుగా నొక చిన్న ఆంప్లిఫైయరు

2024వ సంవత్సరపు వార్షికోత్సవమునాటి సంగతి మా పాఠశాలవారెవ్వరును మఱచియుండరు. పదవ తరగతి బాలుడొకడు మూడు మాసములు సాధన చేసిన పాటను వాయించుచుండగా, రెండవ చరణమున గిటారు మూగవోయెను. వాని వ్రేళ్లు తంత్రులపై నాడుచునే యుండెను, శబ్దము మాత్రము లేదు. డ్రమ్ములు వాయించు బాలుడు కొంతసేపు వానిని కాచుకొనివచ్చెను గాని, తుదకు తెర దింపక తప్పినది కాదు. చెడినది గిటారు గాదు, తీగెయు గాదు, పాదములకడ వరుసగా నమర్చిన పెడళ్లును గావు. వెనుకనున్న ఆంప్లిఫైయరు పెట్టెలో నేదియో కాలినది. ఆ రాత్రియే, వాద్యబృందపు బాధ్యతగల మేము, ఆపదకు అక్కఱకు వచ్చు రెండవ ఆంప్లిఫైయరును సంపాదింపవలెనని నిశ్చయించుకొంటిమి. అది చేత మోయదగినదై యుండవలెను. మా కొలది నిధికి లోబడి యుండవలెను. ఈ వెదకులాటలో మేము తెలిసికొన్నవి, ఇండ్లలో గిటారు నేర్చు బాలబాలికలకును, వారికై ధనము వెచ్చించు తలిదండ్రులకును పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

ముందుగా ఆంప్లిఫైయరు చేయు పనియేమో చూతము. ఎలక్ట్రిక్ గిటారు తంత్రి మ్రోగినప్పుడు, దాని క్రింది అయస్కాంతముచుట్టు నున్న తీగెచుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫైయరులోని మొదటి భాగము ఆ విద్యుత్తును కొంత పెంచి, స్వరమునకు రంగు దిద్దును. రెండవ భాగము స్పీకరును కదలించునంతటి బలము నిచ్చును. పెడలనగా కాలితో నొక్కు చిన్న లోహపు పెట్టె. ఒకటి స్వరమును గరుకు చేయును, ఒకటి ప్రతిధ్వని నిచ్చును, ఒకటి అలలవలె నూగించును. కావున పెడళ్లవరుస గలవానికి, రంగు దిద్దు పని చాలవఱకు పాదములకడనే ముగియుచున్నది. వానికి కావలసినది, తాను పంపిన స్వరమును మార్పక, పెద్దదిగా మాత్రము చేసి వినిపించు పెట్టె. ఈ యొక్క మాటను పట్టుకొన్నచో ఎన్నిక సగము తేలికపడును.

ప్రతి ఆంప్లిఫైయరునకును ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటి బలము నడిగినప్పుడు, స్వరతరంగపు శిఖరములు కోసివేసినట్లు చదునగును. చెవికది బొంగురుగా వినబడును. ఈ బొంగురుతనమునే కోరి, దానికొఱకే ఆంప్లిఫైయరును కొనువారు పెక్కుమంది కలరు. వారిని మేము తప్పుపట్టము. కాని గరుకు చేయు పెడలును ముందే నొక్కియుండగా, వెనుక ఆంప్లిఫైయరును తనవంతు బొంగురును కలిపినచో, ప్రతిధ్వని యంతయు బురదనీరువలె కలగిపోవును. ఫెండరువారి బ్లూస్ జూనియరు ప్రసిద్ధమైనది. రెండు గాజుగొట్టములతో 15 వాట్ల బల మిచ్చును. గదిలో నది మనోహరముగా పలుకును. డ్రమ్ములకు ఎదురు నిలువవలసినచో త్వరలోనే హద్దునకు చేరును. పెడళ్లవారు మెచ్చుకొను రోలండ్ జేసీ-120 అను పెట్టె 1975లో వెలువడినది. అందు 60 వాట్ల భాగములు రెండును, 12 అంగుళముల స్పీకర్లు రెండును కలవు. ఎంత పెంచినను స్వరము నిర్మలముగా నుండును. అయితే అది సుమారు 28 కిలోల బరువు. ఆపదలో పరుగెత్తి తెచ్చుకొనదగినది కాదు.

గాజుగొట్టములా, ట్రాన్సిస్టరులా యను వాదము గిటారువారిలో ఎన్నటికిని తెగదు. మూడు ధ్రువముల గాజుగొట్టమును లీ డి ఫారెస్టు 1906లో కనిపెట్టెను. ట్రాన్సిస్టరు 1947లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో పుట్టెను. గొట్టముల స్వరమాధుర్యమును గూర్చి మేము వాదింపము. అవి వేడెక్కుటకు సమయము పట్టును, బండి కుదుపులకు చెడవచ్చును, వానికి కావలసిన ఇనుప ట్రాన్సుఫార్మర్లు బరువైనవి. కావున తోడు నిలుచు పెట్టెకు ట్రాన్సిస్టరులే తగునని మా యభిప్రాయము.

ఇక వాట్ల లెక్క. అంగడివాడు పెద్ద సంఖ్యను చూపినంతనే మురియరాదు. బలము రెండింతలైనచో శబ్దము 3 డెసిబెలులు మాత్రమే పెరుగును. చెవికి రెండింతలుగా తోచవలెనన్న బలము సుమారు పదింతలు కావలెను. అనగా 5 వాట్ల పెట్టెకంటె 50 వాట్లది రెండింతలు మాత్రమే బిగ్గరగా వినబడును. స్పీకర్లలోను తారతమ్యము కలదు. ఒక వాటు బలముతో, ఒక మీటరు దూరమున 97 డెసిబెలులు పలుకునది యొకటి, 100 పలుకునది మఱియొకటి. రెండవదానిని ఎన్నుకొన్నచో ఆంప్లిఫైయరు బలమును రెండింతలు చేసినంత ఫలము. ఈ సంఖ్య స్పీకరు తయారుచేసినవారి పత్రములో నుండును, అడిగి చూడవలెను.

పెట్టెలోనే యమర్చిన ప్రతిధ్వనులు, పలువిధముల స్వరానుకరణలు మాకు వలదనుకొంటిమి. అవి పెడళ్లలో నున్నవే. ఉన్నదానికి మరల వెల యేల?

విద్యుత్తు విషయమున మాత్రము పిసినితనము కూడదు. మన విద్యార్థుల బంధువులు పలువురు అమెరికాలో నున్నారు. వారు ప్రేమతో ఆంప్లిఫైయరును తెత్తురు. అచట గోడవిద్యుత్తు 120 వోల్టులు, ఇచట 230. పెట్టెవెనుక 120 అని మాత్రమే వ్రాసియున్నచో, తగిన ట్రాన్సుఫార్మరు లేక దానిని మన గోడకు తగిలింపరాదు, క్షణములో కాలును. 100 నుండి 240 వఱకు అని యున్న అడాప్టరుకు ప్లగ్గు మార్చుకొన్న చాలును. మఱియొకటి: హమ్మను రొద పోవునని కొందఱు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగింతురు. ఇది ప్రాణాపాయము. 1972 మే 3వ తేదీన వేల్సుదేశపు స్వాన్సీ పట్టణమున లెస్ హార్వే యను గిటారువాద్యకుడు, సరిగా ఎర్తు చేయని మైకును తాకి, వేదికపైననే మరణించెను. మా విద్యార్థులెవ్వరును ఆ పిన్నును ముట్టరాదని మేము గట్టిగా చెప్పియున్నాము.

తుదకు మేమేమి కొంటిమి? ఇచట ఒక మరమ్మతుదారుని సలహా మిక్కిలి యుపకరించినది. మా పాత పెట్టెను బాగుచేయుచు ఆయన, దాని వెనుక స్పీకరు తీగె ప్లగ్గుతో తగిలింపబడి యుండుటను చూపి, "కాలినది లోపలి భాగమే గాని స్పీకరు కాదు గదండీ, మఱల నిట్లు జరిగిన, ఈ ప్లగ్గును తీసి వేఱొక చిన్న ఆంప్లిఫైయరుకు పెట్టుకొనవచ్చును" అనెను. అంతవఱకు మేము స్పీకరుతో కూడిన రెండవ పెట్టెకే వెదకుచుంటిమి! పెడలంతటివియు, అంతకు కొంచెము పెద్దవియు నగు ఆంప్లిఫైయర్లు కలవని అప్పుడు తెలిసినది. ఆరెంజివారి మైక్రో టెర్రర్ 20 వాట్లది, కిలోకంటె తక్కువ బరువు, ముందుభాగమున ఒక గాజుగొట్టము. ఎలక్ట్రో-హార్మోనిక్సువారి 44 మాగ్నమ్ 44 వాట్లది. శబ్దము పెంచు మీటయు, స్వరమును కొంచెము ప్రకాశింపజేయు మీటయు తప్ప దానికి వేఱేమియు లేవు. మా పెడళ్లే రంగు దిద్దుచున్నవి గనుక రెండవదానిని ఎన్నుకొంటిమి. రెండింటికిని నడుమ బిగ్గఱతనపు భేదము 3 డెసిబెలులకు కొంచెము పైమాటయే. అయినను డ్రమ్ములయెదుట హద్దు కొంత దూరమున నుండుట మంచిదని తలచితిమి.

ఇట్టి పెట్టెకు స్పీకరు 8 ఓములకు తక్కువ కారాదు. 4 ఓములదానిని తగిలించినచో ప్రవాహము మితిమీరి పెట్టె వేడెక్కి చెడును. మా స్పీకరువెనుక 8 అని యున్నది. తీగె విషయమున మేమే పొరబడితిమి: స్పీకరు ప్లగ్గు పొట్టిదై అందకపోగా, గిటారుకు వాడు సన్నని తీగెను నడుమ అతుకబోగా, మరమ్మతుదారుడు వారించెను. స్పీకరునకు దళసరి తీగె వేఱుగా కావలెను. చూచుటకు రెండును ఒకటివలెనే యుండును. ఇప్పుడు దానికి ఎఱ్ఱదారము చుట్టి యుంచినాము.

స్పీకరే చెడినచో నేమి? అప్పుడు పెడళ్లనుండి సభాస్థలపు మైకుయంత్రమునకు నేరుగా పంపవలెను. గిటారు స్పీకరు 5,000 కంపనములకు పైబడిన స్వరములను అణచును. అది లేనిచో గరుకుస్వరము కందిరీగలవలె చెవులను పొడుచును. స్పీకరు నడతను అనుకరించు పెడలొకటి యున్నచో ఈ బాధ తీరును. అది మావద్ద ఇంకను లేదు. వచ్చు సంవత్సరపు నిధిలో దానికై కొంత కేటాయించితిమి.

పరీక్షకై గత మాసమున, సాధన నడుమ మేమే పెద్ద ఆంప్లిఫైయరును ఆపివేసితిమి. ఆ బాలుడే, ఇప్పుడు ఇంటర్మీడియేటు చదువుచున్నవాడు, చూడవచ్చియుండెను. వాడు ముందుకువచ్చి ప్లగ్గు మార్చి చిన్న పెట్టెతో మరల మొదలిడుటకు నలువది సెకనులు పట్టినది. డ్రమ్ములవాడు ఆపకుండ కాచుకొనివచ్చెను.