లినక్సులో గ్రాఫిక్స్ చోదకాలు

లినక్సు నిర్వహణ వ్యవస్థలో గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్టువేరును గ్రాఫిక్స్ చోదకం లేదా గ్రాఫిక్స్ డ్రైవరు అంటారు. దీని సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటే అది ఓపెన్ సోర్సు చోదకం అవుతుంది. చోదకం సరిగా లేని కార్డు ఎంత ఖరీదైనదైనా లినక్సులో దాని పూర్తి వేగం అందదు. కనుక కార్డు కొనే ముందే ఈ సంగతి చూసుకోవలసి ఉంటుంది.

నిర్మాణం

ఈ చోదకం ఒకే ముక్క కాదు. ఒక భాగం కెర్నల్‌లో ఉండి కార్డు మెమరీని, తెర అమరికను చూసుకుంటుంది. ఓపెన్‌జిఎల్, వల్కన్ ఆదేశాలను కార్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చే రెండవ భాగం సాధారణంగా మెసా అనే లైబ్రరీలో ఉంటుంది. మెసాను 1993లో బ్రయాన్ పాల్ ప్రారంభించాడు. ఇవి కాక కార్డులోనే నడిచే ఫర్మువేరు ఒకటుంది. మిగతాదంతా ఓపెన్ సోర్సు అయినా ఇది చాలావరకు మూసిన ఫైలుగానే వస్తుంది.

ఇంటెల్, ఎఎమ్‌డి

ఇంటెల్ తన చోదకాలను తానే రాసి కెర్నల్‌లోను, మెసాలోను చేరుస్తుంది. అయితే ఇంటెల్ పేరుంటే చాలుననుకోరాదు. 2008లో వచ్చిన జిఎమ్ఎ 500 లోపల ఉన్నది పవర్‌విఆర్ చిప్పు; దానికి త్రీడీ పనిచేసే ఓపెన్ సోర్సు చోదకం లేక కొన్నవారు ఇబ్బంది పడ్డారు.

ఎఎమ్‌డి 2006లో ఎటిఐని కొనుగోలు చేసి, 2007లో కార్డుల సాంకేతిక పత్రాలను విడుదల చేయనున్నట్లు ప్రకటించింది. 2015లో ఎఎమ్‌డిజిపియు చోదకం కెర్నల్‌లో చేరింది.

ఎన్విడియా

ఎన్విడియా చాలాకాలం మూసిన చోదకాన్ని మాత్రమే ఇచ్చింది. అందువలన స్వచ్ఛంద కార్యకర్తలు కార్డుల ప్రవర్తనను గమనించి, తిరగదోడి నూవో అనే చోదకాన్ని రాశారు. అది 2010లో కెర్నల్ 2.6.33లో చేరింది. కానీ జిటిఎక్స్ 900 శ్రేణి నుండి ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మువేరు తప్పనిసరి అయినందున, వాటి వేగాన్ని పెంచే వీలు నూవోకు లేకపోయింది. 2022లో ఆ సంస్థ ట్యూరింగ్, ఆ తరువాతి తరాలకు కెర్నల్ భాగాన్ని ఓపెన్ సోర్సుగా విడుదల చేసింది. వాటికి మెసాలో ఎన్‌వికె అనే వల్కన్ చోదకం కూడా రూపొందింది. క్యూడా వాడదలచిన విద్యార్థులకు మాత్రం ఇప్పటికీ మూసిన భాగం అవసరమే.

పాత కార్డులు కొనేవారు జిటిఎక్స్ 900, 10 శ్రేణుల విషయంలో జాగ్రత్త వహించాలి. 580 శ్రేణి చోదకమే వీటికి చివరిదని 2025లో ఎన్విడియా ప్రకటించింది. నూవోతో అవి నెమ్మదిగానే నడుస్తాయి. వీటికంటే పాతదైన రేడియాన్ హెచ్‌డి 7000 శ్రేణికి చోదకం నేటికీ కెర్నల్‌లో ఉంది.

కొనుగోలులో గమనించవలసినవి

పెట్టె మీది పేరు కంటే లోపలి చిప్పు ముఖ్యం. ఉదాహరణకు ఆర్9 280ఎక్స్‌లో ఉన్నది హెచ్‌డి 7970లోని తాహితి చిప్పే. కొత్తగా విడుదలైన కార్డుకు కొత్త కెర్నల్, కొత్త మెసా, కొత్త ఫర్మువేరు మూడూ కావాలి. డెబియన్ స్థిర కూర్పు వంటి వాటిలో ఇవి ఆలస్యంగా చేరతాయి. హెచ్‌డిఎమ్ఐ 2.1కు ఎఎమ్‌డి ప్రతిపాదించిన ఓపెన్ సోర్సు అమలును 2024లో హెచ్‌డిఎమ్ఐ ఫోరం తిరస్కరించింది. కనుక 4కె తెరను 120 హెర్ట్‌జ్‌లో నడపదలచినవారు డిస్‌ప్లేపోర్టు ఉన్న తెరను ఎంచుకోవడం మేలు.